బావగారి ఎడమ పక్క

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున నేను తెనాలిలో పాఠాలు చెప్పే బడికి వెళ్ళేసరికి, అంగలకుదురులో స్థిరపడిన మా ఊరి వడ్రంగి ఒకాయన గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే తలగుడ్డ తీశాడు. "పెద్దాయన తెల్లారుజామున పోయారండి. నిద్రలోనే పోయారు. తొలి బస్సులో కబురొచ్చిందండి. మిమ్మల్ని వెంటనే రమ్మన్నారండి" అన్నాడు. ఏ పెద్దాయన అని నేను అడగలేదు. మా ఇంటికి పెద్దాయన ఒక్కరే. మావారి అన్నగారు, నాకు బావగారు.

మా పదిహేనేళ్ళ పాపను తీసుకుని రేపల్లె బస్సెక్కి కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. చదివేవారికి ఒక మాట ముందే చెప్పేస్తాను, తర్వాత దాచినట్టు ఉండకూడదు. నా భర్త ఈ బావగారి తుపాకి దెబ్బకే చనిపోయారు. బావగారిని తలుచుకుంటూ ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఆ చనిపోయిన మనిషి భార్య.

నేను చెరుకుపల్లి దగ్గరి ఆ ఊరికి కాపురానికి వెళ్ళేనాటికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కోడలు బావగారి ఎదుట పడకూడదు. ఆయన వసారాలోకి వస్తే నేను వంటింట్లోకి తప్పుకోవాలి. ఏదైనా చెప్పాల్సి వస్తే తలుపు చాటున నిలబడి, ఆయన భార్యకు, అంటే నా తోడికోడలికి చెప్పాలి. "బావగారిని భోజనానికి లెమ్మనండి అక్కయ్యా" అంటే రెండడుగుల అవతల ఉన్న ఆయనకు వినపడుతూనే ఉండేది. అయినా అక్కయ్య మళ్ళీ చెప్పేదాకా లేచేవారు కాదు. మావారు దీనికి పడి పడి నవ్వేవారు. ఐదేళ్ళలో నేను బావగారి కాళ్ళు చూశాను, భుజం మీది తువ్వాలు చూశాను, నడిచి వెళ్ళే వీపు చూశాను. ముఖం మాత్రం సరిగ్గా చూడలేదు.

పంట మీద పిట్టలు పడకుండా మామగారు లైసెన్సు తెచ్చుకున్న తుపాకి ఒకటి ఆ ఇంట్లో ఉండేది. ఆయన తర్వాత అది బావగారి పేరుకు మారింది. ఒక్క గుండు కాకుండా పిడికెడు సీసపు రవ్వలు చిమ్మే రకం. చలికాలంలో చేల మీద పరజలు, అంటే అడవి బాతులు, దిగితే అన్నదమ్ములిద్దరూ వెళ్ళేవారు. గురి మాత్రం మావారిదే. బావగారు పదిసార్లు కాలిస్తే ఒక పిట్ట పడటం గొప్ప. "మా అన్నయ్య గురిపెట్టిన పిట్టకి నూరేళ్ళాయుష్షు" అని మావారు అన్నం తింటూ ఆటపట్టించేవారు. బావగారికి కోపం వచ్చేది కాదు. "తుపాకి పిట్ట మీదే ఉంటుందిరా. రవ్వ ఎటు పోతుందో మరి!" అనేవారు. తలుపు చాటు నుంచి నేనూ నవ్వేదాన్ని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, గురి లేక తుపాకిని అంటున్నారనుకున్నాం. పదేళ్ళుగా తుపాకి పట్టిన మనిషికి గురి ఎందుకు కుదరడం లేదని ఆ ఇంట్లో ఒక్కరం కూడా ఆలోచించలేదు.

అరవైల మొదట్లో ఒక మార్గశిరం పొద్దున, మురుగు కాలువ పక్కన జమ్ము గడ్డిలో పరజలు దిగాయని పాలేరు వచ్చి చెప్పాడు. ముగ్గురూ వెళ్ళారు. మావారు ఎడమ గట్టు వెంట ముందుకు నడిచి, చప్పుడు చేసి పిట్టల్ని లేపారు. ఒక పరజ తక్కువ ఎత్తున లేచింది. బావగారు కాల్చారు. పిట్టకూ మావారికీ మధ్య రెండు బారల ఎడం ఉందని పాలేరు తర్వాత చెప్పాడు. పిట్ట ఎగిరిపోయింది. మావారు గట్టు మీద నెమ్మదిగా కూర్చుండిపోయారట. రవ్వలు మెడకూ ఛాతీకీ తగిలాయి. ఎడ్ల బండి మీద రేపల్లె ఆసుపత్రికి తీసుకువెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఒళ్ళో ఏడు నెలల పాప.

పోలీసులకు బావగారు ఒకటే మాట చెప్పారు. "నేను పిట్టనే చూశానండి. తుపాకి పిట్ట మీదే ఉందండి." ఎన్నిసార్లు అడిగినా అదే. ప్రమాదమని రాసి కేసు మూసేశారు. ఊరు మాత్రం మూయలేదు. ఆ ఏడు కోతలయ్యాక అన్నదమ్ములు పొలం పంచుకోవాలనుకున్న సంగతి అందరికీ తెలుసు. "తుపాకి పిట్ట మీదుంటే అంత ఎడంగా ఉన్న మనిషికి ఎట్టా తగిలిందే? నీ పిచ్చిగానీ!" అని మా పిన్ని నా చెవిలో అంది. ఆ మాటను నేను పారేయలేకపోయాను. బావగారు తుపాకిని పోలీసు స్టేషన్లోనే వదిలేసి, మళ్ళీ దాని మొహం చూడలేదు. పొలంలో సగం పాప పేర రాయించారు. దానికీ ఊరు పేరు పెట్టింది, చేసిన పాపం కడుక్కుంటున్నాడని. నేనూ అలాగే అనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి నన్ను బాపట్లలో టీచరు ట్రైనింగుకు పంపుదామన్నది ఆయనే. అక్కయ్యతో అన్నారు, తలుపు చాటున ఉన్న నాకు వినపడేలా. భర్త పోయిన పిల్లను ఊరు దాటిస్తావా అని పెద్దలు లేచారు. "ఆ పిల్ల అన్నం ఆ పిల్ల సంపాదించుకోవాలండి. నా చేతి కూడు ఎన్నాళ్ళు తింటది?" అన్నారు.

తెనాలిలో నాకు ఉద్యోగం వచ్చాక నెలకోసారి బియ్యం బస్తా బస్సు మీద వేయించుకుని వచ్చేవారు. మా అద్దె ఇంటి గుమ్మం దాటేవారు కాదు. అరుగు మీద, ఎడమ భుజం గోడకు ఆనించి కూర్చునేవారు. ఎక్కడికి వెళ్ళినా ఇదే వరస. బస్సులో ఎడమ కిటికీ పక్కన చోటు దొరక్కపోతే, చెరుకుపల్లి దాకా రాడ్డు పట్టుకుని నిలబడే వెళ్ళేవారు. వీధిలో నడిస్తే ఎడమ పక్క మనిషి పట్టే సందు లేకుండా గోడవారగా నడిచేవారు. పాప వెళ్ళి ఎడమ చెయ్యి పట్టుకోబోతే "ఇటు రా తల్లీ, ఇటు" అని కుడి పక్కకు తిప్పుకునేవారు. నేను దాన్ని కొన్నాళ్ళు చాదస్తమనుకున్నాను, కొన్నాళ్ళు నాటకమనుకున్నాను.

పాపకు లెక్కలు రాకపోతే విసుక్కునేవారు కాదు. "తెలిసినవాడు చెప్పకపోయినా తప్పే, తెలియనివాడు అడక్కపోయినా తప్పే. అడుగు తల్లీ" అనేవారు. లోపలి నుంచి ఆ మాట వింటూ నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. పన్నెండేళ్ళు ఆయన పెట్టిన తిండి తింటూనే ఆయన్ని హంతకుడనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే ఇంకా సిగ్గు.

పాపకు పదమూడో ఏడు వచ్చాక బడిలో కేడెట్ల దళంలో చేరింది. కవాతుతో పాటు రైఫిలు కాల్చడం కూడా నేర్పుతారు. ఈ సంగతి బావగారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ చలికాలంలో బాపట్లలో క్యాంపు పెడితే ఆడపిల్లలకు తోడుగా నన్నే పంపారు. ఊరి బయట సముద్రం వైపు ఇసుక మైదానంలో అట్టలు నిలబెట్టి కాల్పించారు. పాప వేసిన ఐదు గుళ్ళూ అట్టకు ఎడమ పక్కన ఇసుకలో పడ్డాయి. మళ్ళీ ఐదు వేసింది. అవీ అక్కడే. తోటి పిల్లలు నవ్వారు. సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చిన శిక్షకుడు మాత్రం నవ్వలేదు.

"ఎడం కన్ను మూసి చూడమ్మా" అన్నాడు.

"అదొక్కటే మూతపడట్లేదు సార్. మూస్తే రెండూ మూతపడుతున్నాయి" అంది పాప.

ఆయన పాపను ఎదురుగా నిలబెట్టి, రెండు చేతులూ చాచమన్నాడు. అరచేతులు దగ్గరికి చేర్చి మధ్యలో రూపాయి బిళ్ళంత సందు ఉంచి, అందులోంచి తన ముక్కు చూడమన్నాడు. చూసి తల ఊపాడు. "నీకు ఎడం కన్ను పెత్తనం చేస్తుందమ్మా. తుపాకేమో కుడి భుజానికి పెట్టావు, చూసేదేమో ఎడం కన్ను. తుపాకి అట్ట మీదే ఉన్నట్టు నీకు కనపడుద్ది. గుండు మాత్రం ఎడమకి పోద్ది."

తుపాకి అట్ట మీదే ఉన్నట్టు కనపడుతుంది. నా చెవుల్లో ఆ మాట తప్ప ఇంకేమీ లేదు. "పిట్టల్ని కొట్టే తుపాకి అయితేనండి?" అని అడిగాను.

"అది ఇంకా ప్రమాదం టీచరు గారూ. రెండు కళ్ళూ తెరిచి, ఎగిరే పిట్ట వెంట తిప్పుతూ కాల్చేది గదా. ఎడమ పక్కన మనిషి ఉంటే అంతే. కాల్చినోడికి ఏం జరిగిందో కూడా తెలీదు, పాపం."

ఆయన రైఫిలును పాప ఎడమ భుజానికి మార్చాడు. మూడో గుండు అట్టకు తగిలింది. పాప గంతేసింది. నేను ఆ ఇసుకలోనే కూర్చుండిపోయాను.

క్యాంపు అయిన మరుసటి ఆదివారం పాపతో ఊరికి వెళ్ళాను. బావగారు వసారాలో తన చోట, గోడవార కూర్చుని ఉన్నారు. నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను. బియ్యం చెరుగుతున్న అక్కయ్య చేతిలో చేట ఆగిపోయింది.

"బావగారూ, ఒకసారి లేచి రెండు చేతులూ చాచండి" అన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే ఏ కన్నుతో చూడాలో ఎంచుకుంటారేమోనని. అప్పటికీ నాలో అంత అనుమానం ఉంది.

"ఏంటమ్మా?" అంటూ లేచారు. చెప్పినట్టే చేతులు చాచి, అరచేతుల మధ్య సందు చేసి, అందులోంచి నా ముఖంలోకి చూశారు. ఆ సందులో ఒక కన్ను కనబడింది. ఎర్రజీరలతో, తడిగా ఉంది. ఎడమ కన్ను. చేతులు దించి మళ్ళీ పెట్టమన్నాను. ఎడమ కన్నే. మూడోసారీ అంతే. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు నేను మా బావగారి కన్ను చూడటం అదే మొదటిసారి.

"తుపాకి పిట్ట మీదే ఉంది బావగారూ" అన్నాను. "మీకు అలాగే కనపడింది. మీరు అబద్ధం చెప్పలేదు."

సుబేదారు చెప్పిందంతా చెప్పాను. తను ఎలా కాల్చిందో, భుజం మారిస్తే ఏమైందో పాప చెప్పింది. ఆయన గోడకు ఆనించి ఉన్న గొడుగు తీసి, తుపాకి పట్టినట్టు కుడి భుజానికి పెట్టుకున్నారు. దించారు. ఎడమ భుజానికి పెట్టుకున్నారు. గొడుగు కొన గడ్డివామి మీద వాలిన కాకి వైపు తిన్నగా నిలిచింది.

"ఇంతేనా?" అన్నారు. "భుజం మార్చుకుంటే సరిపోయేదా?"

అక్కయ్య బావురుమంది. "మీ తప్పు కాదని అమ్మాయి చెబుతుంది గదా. ఇకనైనా ఆ గోడ వదిలి ఇవతలికి రండి" అంది.

ఆయన గొడుగును జాగ్రత్తగా మళ్ళీ గోడకు ఆనించారు. "కన్ను చేసింది కన్ను చేసింది. వాణ్ణి ఎడమ గట్టుకి పొమ్మంది నా నోరే గదా" అన్నారు. "వాడు కుడి గట్టున పోతానన్నాడు. అటు బురదగా ఉందిరా, జారి పడతావు, ఎడమ వైపు పో అన్నాను."

ఈ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదని అడిగాను. వాళ్ళు అడగలేదమ్మా అన్నారు. నేను మాత్రం అడిగానా? ఆయన నా వైపు చూసి, "పాప ఇప్పుడు ఏ భుజానికి పెడుతుంది?" అన్నారు. ఎడమ భుజానికేనండి అన్నాను. "మంచిది. మార్చనీయకు" అన్నారు. తుపాకి గురించి ఆయన మాట్లాడిన చివరి మాట అదే.

ఆ రోజు నుంచి నేను తలుపు చాటుకు వెళ్ళలేదు. ఎదురుగా నిలబడే మాట్లాడాను, ఎదురుగానే వడ్డించాను. తెనాలి వస్తే లోపలికి వచ్చి భోంచేసేవారు. నన్ను చదివించినందుకు, నా అనుమానాన్ని అన్నేళ్ళు మాట్లాడకుండా మోసినందుకు ఆయనకు దణ్ణం పెట్టాలనిపించేది. పెట్టబోతే కాళ్ళు వెనక్కి తీసుకునేవారు. ఎడమ పక్క మాత్రం చివరిదాకా ఎవరికీ ఇవ్వలేదు. ఒకసారి బస్సులో నేను పంతానికి ముందే వెళ్ళి ఆ కిటికీ పక్కన కూర్చుంటే, వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

ఆ శుక్రవారం మేము ఊరు చేరేసరికి ఆయన్ని వసారాలో పడుకోబెట్టారు. ఎడమ భుజం గోడకు ఆనేలా, ఎప్పటి చోటే. "ఆయనకట్టాగే అలవాటు గదే" అంది అక్కయ్య. చాపను గోడ నుంచి మూరెడు ఇవతలికి లాగమని మగవాళ్ళను అడిగాను. ఎందుకని ఎవరో అన్నారు. అక్కయ్య నా ముఖంలోకి చూసి, "లాగండి" అంది.

ఆ సందులోకి వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి పాప కూడా వచ్చి నా పక్కన ఇరుక్కుంది. ఎత్తేదాకా ఆయన ఎడమ పక్కన మేమిద్దరమే ఉన్నాం. నా వెనక గోడ చల్లగా ఉంది. పదిహేనేళ్ళు భుజం ఆని ఆని, అక్కడ ఒకచోట సున్నం అంతా పోయి గోడ నున్నగా అరిగిపోయి ఉంది.