ముత్యాలమ్మ పచ్చబొట్టు

పెబ్బేరు దగ్గరి పల్లెలో వేరుశనగ పండించే బాలయ్యను పిల్లికి బిచ్చం పెట్టని మనిషి అంటారు. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వనపర్తిలో నాది ఫోటో ఫ్రేముల దుకాణం. దేవుడి పటానికి కొత్త అద్దం వేయించుకోవడానికి వచ్చి, పూటంతా బేరమాడి, చివరికి పాత అద్దమే తుడిపించుకుని పోయిన ఘనుడతను. అలాంటివాడు మొన్న వేసవిలో ఎద్దుల జత అమ్మి లక్ష రూపాయలు దాటిన ఫోను కొన్నాడంటే నేను నమ్మలేదు.

తెచ్చి చూపించాడు. అమ్మినవాళ్ళు చెప్పిన గొప్పలన్నీ ఒక్కటీ వదలకుండా అప్పజెప్పాడు. చందమామను కూడా దగ్గరికి తెచ్చి చూపిస్తుందట. నీళ్ళలో పడినా ఏమీ కాదట. నాకు ఒళ్ళు మండింది. ఎద్దులమ్ముకున్నవాడికి చందమామతో ఏం పని?

"గన్ని పైసలెందుకు పోసినవ్ బాలయ్యా? పదివేల ఫోన్ల గూడ ఫోటోలొస్తయి గద!" అన్నాను.

"గవన్ని నాకెందుకు సేటూ! పట్నం దవాఖానల మా ముత్యాలమ్మను ఇంటికి తోల్కపొమ్మన్నరు. దానిది ఒక్క ఫోటో గూడ సరిగ్గ లేదు. మొకం సక్కగ పడాలె. రేపు గోడకు పెట్టుకుంటే అది నన్ను సూస్తున్నట్టే ఉండాలె."

ఫోను తుడిచి అతని చేతికిచ్చాను.

ఆరుబయట మంచం మీద కూర్చోబెట్టి రోజూ భార్య ఫోటోలు తీశాడు. వానలు పడేలోగానే ఆమె పోయింది. దినాలకు పటం కావాలని వదిన తిమ్మమ్మను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. నేను ముత్యాలమ్మను ఎన్నడూ చూసి ఎరుగను. ఫోటో మాత్రం అద్భుతంగా ఉంది. కళ్ళలో తడి కూడా కనిపిస్తోంది. పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందనే అనుకున్నాను.

నేను కట్టిచ్చిన పటాన్ని తిమ్మమ్మ ఒళ్ళో పెట్టుకుని కొంగుతో అద్దం తుడిచింది. మళ్ళీ తుడిచింది.

"బాలయ్యా, ఈమె మా సెల్లె గాదు. పచ్చబొట్టేది?"

అప్పుడు తిమ్మమ్మ ముఖం చూశాను. నొసట నిలువు గీత, గడ్డం మీద మూడు చుక్కలు. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకేనాడు పొడిపించిందట వాళ్ళమ్మ.

"కడియాలు దీసిన్రు, ముక్కుపుల్ల దీసిన్రు. పచ్చబొట్టొక్కటే దాని ఎంట పోయింది. గది గూడ తీసేసిన్రా?" అని నన్నే నిలదీసింది, నేనే తుడిపేసినట్టు.

ఫోను తీసుకుని చూశాను. ఏ ఫోటోలోనూ పచ్చబొట్టు లేదు. ముఖాన్ని నున్నగా చేసే బ్యూటీ మోడ్ కొన్ననాటి నుంచీ పనిచేస్తూనే ఉంది. అమ్మినవాళ్ళు చెప్పలేదు, బాలయ్యకు తెలియదు. మరకలనుకుని అన్నీ చెరిపేసింది. ఒక్కసారి వేలితో నొక్కితే ఆగిపోయింది, కానీ ఫోటో తీయడానికి మనిషి లేదు. మరకకూ పచ్చబొట్టుకూ తేడా తెలియని ఫోను తెలివికి ఎద్దులు పోయాయి. కోపంతో పాటు నాకు ఏడుపూ వచ్చింది.

ఆ ఫోనుతోనే తిమ్మమ్మ ముఖం తీశాను. ఈసారి గీతా చుక్కలూ స్పష్టంగా పడ్డాయి. వాటిని చూసుకుంటూ కంప్యూటర్లో ముత్యాలమ్మకు పెట్టాను. "జర కిందికి" అంటూ తిమ్మమ్మ పక్కనే కూర్చుని సరిచేయించింది. కొత్త పటం చేతికివ్వగానే చెల్లెలి బుగ్గలు నిమిరి భోరుమంది.

బాలయ్య పాత పటాన్నే చూస్తున్నాడు.

"దినాం నేనే దీసిన సేటూ. దినాం నేనే జూసుకున్న. పడుసుపిల్ల లెక్క ఉన్నదని మురిసిన గని, పచ్చబొట్లు లేవని నాకు తెల్వనే తెల్వలే." వదిన వైపు తిరిగాడు. "నువ్వు రాకుంటే, వదినా, సచ్చేదాంక నేను గీమెకే మొక్కుతుంటి."