నేను దించిన వైపర్లు

నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. ఏడాదీ నాలుగు నెలలుగా అడుగుతూనే ఉన్నాను. ఫోన్ చేసి అడిగాను, మెసేజ్ పెట్టాను, మరో మనిషి చేత అడిగించాను, ఎదురుగా నిలబడి కూడా అడిగాను. మెసేజ్ చదివినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఉద్యోగం తిరిగి ఇమ్మని నేను అడగడం లేదు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో పెద్దాయన తన చేతులు పైకెత్తారా లేదా, అంతే. ఎత్తితే ఆయన నన్ను పిలిచినట్టు. ఎత్తకపోతే లేదు. ఇందులో ఏదైనా నేను తట్టుకోగలను.

చేతులు ఎత్తితే నన్ను పిలిచినట్టు ఎలా అవుతుందో చెప్పాలంటే, జపాన్‌లో మంచు కురిసే ఒక పల్లె దగ్గర మొదలుపెట్టాలి.

మాది కోనసీమ. కువైట్‌లోని జాబ్రియాలో ఒక ఇంట్లో తొమ్మిదేళ్ళు డ్రైవర్‌గా చేశాను. చివరి మూడేళ్ళు డ్రైవర్‌ని మాత్రమే కాదు. ఆ ఇంటి పెద్దాయనకు షుగర్ ముదిరి కాళ్ళు చచ్చుబడిపోయాయి. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, అన్నం తినిపించడం నా పనులయ్యాయి. పనివాళ్ళందరం ఆయన్ని బాబా అని, ఇంటి యజమానురాలైన ఆయన కోడల్ని మామా అని అనేవాళ్ళం. ఆయన వయసులో ఉన్నప్పుడు బొంబాయి వెళ్ళి వచ్చిన మనిషి. హిందీ బాగా వచ్చు. మేమిద్దరం హిందీలో మాట్లాడుకుంటుంటే ఆయన కొడుక్కి నచ్చేది కాదు. నచ్చదని ఎప్పుడూ అనలేదు, టీవీ సౌండ్ పెంచేవాడు. నాకు గుర్తుంది.

బాబా భార్య పోయాక ఆయన గదిలోంచి బయటికి రావడం మానేశారు. ఒకరోజు ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూశారు. ఇళ్ళ కప్పుల మీద మనిషెత్తు మంచు, కింద ఎవరో ముసలావిడ పారతో దారి చేస్తోంది. దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారు. "ఇక్కడికి వెళ్దాం" అన్నారు. రెండేళ్ళలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కొడుకు చలికాలం సెలవులకు టికెట్లు తీశాడు. నేను లేకపోతే బాబా తినరు కాబట్టి నాకూ తీశాడు. మనిషికో కొత్త జాకెట్ కొన్నారు. నాకు మాత్రం కొడుకు పాత జాకెట్ ఇచ్చారు. దానికి చైను పడదు.

ఆ ఇంట్లో వంట చేసే ఆవిడది అన్నమయ్య జిల్లా. జాకెట్ చూసి మూతి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమన్నా, దీన్ని ఏసుకోని పోతాండావా? నిన్ను దిష్టిబొమ్మ అనుకోని యాడైనా చేన్లో నిలబెట్టేస్తారు."

"చైను పోయిందమ్మా. పిన్నీసుంటే ఇలా ఇయ్యి."

"పిన్నీసుకు మంచు ఆగుతాదా? మామాను అడగల్ల, కొత్తది కావాలని."

"ఆళ్ళకే తెలవాలి కదమ్మా, నేనడగడమేంటి?"

"అదీ నీ కత. నోరు తెరిసి అడగవు. తర్వాత పదేండ్లు చెప్పుకుంటా తిరుగుతావు."

ఆమె నాలుగు పిన్నీసులు ఇచ్చింది. చేతి తొడుగులు ఎవరూ ఇవ్వలేదు.

విమానం, ఆ తర్వాత బాణంలా పోయే రైలు, ఆ తర్వాత రెండే పెట్టెలున్న చిన్న రైలు. చిన్న రైలు సొరంగంలోంచి బయటపడగానే కొడుకు పిల్లలు కేకలు పెట్టారు. బయట అంతా తెలుపు. పొలమూ తెలుపే, కాలువ గట్టూ తెలుపే, కరెంటు తీగలకు కూడా అదే అంటుకుని ఉంది. నాకు ఏమీ అనిపించలేదు. గొప్ప దృశ్యం చూసినప్పుడు ఏదో అనిపించాలంటారు. నేను బాబా మూత్రం సంచీ నిండిందా అని చూసుకుంటూ కూర్చున్నాను. బాబా మాత్రం కిటికీ అద్దానికి నుదురు ఆనించి పెట్టారు. ఆయన ఊపిరికి అద్దం మసకబారుతుంటే నా చేత తుడిపించుకున్నారు.

స్టేషన్‌కు సత్రం యజమాని వ్యాన్ తెచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఎర్ర బుగ్గలు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను వెనక సీట్లో కూర్చున్నాను. రోడ్డు మధ్యలో వరసగా చిన్న చిల్లులు, వాటిలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. మంచు కరగడానికి భూమిలోని నీళ్ళు వదులుతారట. కువైట్‌లో రోడ్డు మీద నీళ్ళు కనిపిస్తే గొట్టం పగిలిందని ఫోన్ చేస్తాం. నేను ఆ మాట బాబాతో అంటే ఆయన నవ్వలేదు, తలూపారు.

సత్రం చెక్కతో కట్టిన పాత ఇల్లు. వేడినీటి ఊట ఉంది. రాత్రి భోజనానికి యజమాని భార్య అందరికీ ఒక్కో పళ్ళెం పెట్టింది, బాబా పక్కన నాకూ పెట్టింది. అన్నం, కాల్చిన చేప, ఊరవేసిన ముల్లంగి. మామా నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను పళ్ళెం తీసుకుని గదిలోకి వెళ్ళాను. యజమాని భార్య నేనేదో పొరపాటు పడ్డాననుకుని నా వెనకే వచ్చి, పళ్ళెం తీసుకెళ్ళి మళ్ళీ బాబా పక్కనే పెట్టింది. నేను మళ్ళీ తెచ్చుకున్నాను. ఆవిడ మళ్ళీ వచ్చింది. మూడోసారికి చేప చల్లారిపోయింది. చివరికి బాబా, "కూర్చో, ఆమె అలిసిపోతుంది" అన్నారు. కూర్చున్నాను. మామా ఆ పూట సగం తిని లేచిపోయింది. నాకు అదీ గుర్తుంది.

మర్నాడు సాయంత్రం జరిగిందే అసలు విషయం.

కువైట్‌లో కార్లు కడిగేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. తెల్లవారేసరికి వీధిలో వరసగా ఉన్న కార్లన్నీ తుడుచుకుంటూ పోతారు. తుడవడం అయిపోయిన కారుకు వైపర్లు పైకెత్తి వదిలేస్తారు. ఈ కారు అయింది అని గుర్తు. యజమాని బయటికి వచ్చేసరికి అవి అలా నిలబడి ఉండకూడదు. డ్రైవర్ పొద్దున్నే చేసే మొదటి పని వాటిని దించడం. తొమ్మిదేళ్ళు నేను అదే చేశాను. ఒకసారి మరిచిపోతే కొడుకు కారు దిగకుండా హారన్ కొట్టాడు.

సత్రం ముందు యజమాని వ్యాను, అతిథుల కార్లు ఆరు ఉన్నాయి. ఏడింటికీ వైపర్లు ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి. ఎవరో కడిగి వెళ్ళారు, దించే దిక్కు లేదు అనుకున్నాను. పొద్దుటి నుంచి నాకు పనేమీ లేదు. ఊరికే కూర్చున్నానని మామా ఇంకో చూపు చూడకముందే ఏదో ఒకటి చేద్దామని, వరసగా ఏడు బళ్ళవీ దించేశాను. ఉత్త చేతులు. ఇనుము వేళ్ళను పట్టుకుని వదల్లేదు. అయిదో కారు దగ్గర నొప్పి పుట్టింది. ఏడో కారు దగ్గర అదీ లేదు. నా కుడిచేతి రెండు వేళ్ళ చివర్లలో ఈరోజుకీ స్పర్శ లేదు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

తెల్లారి చూస్తే వైపర్లన్నీ అద్దాలకు గడ్డకట్టి అతుక్కుపోయాయి. మంచు దేశంలో వాటిని ఎత్తి ఉంచేది అందుకేనట. ఒక ముసలి జంట కారుకు రబ్బరు చిరిగి ఊడి వచ్చింది. నేనే చేశానని నేనే ముందుకు వచ్చి చెప్పాను. తల వంచాను. యజమాని నాకంటే కిందికి వంగాడు. నేను ఇంకా వంగాను, ఆయన ఇంకా వంగాడు. భాష లేదు కదా, అందుకని ఆయన తన మోచేతులు పక్కటెముకలకు ఆనించి, రెండు ముంజేతులూ నిలువుగా పైకెత్తి, ఇలా ఉండాలి అని చూపించాడు. తర్వాత రెండూ కిందికి వాల్చి, కళ్ళు మూసి, చచ్చిపోయినట్టు తల పక్కకు వేశాడు.

గుమ్మంలో దుప్పటి కప్పుకుని కుర్చీలో ఉన్న బాబా ఇదంతా చూశారు. ఆయన కూడా రెండు చేతులూ అలాగే నిలువుగా ఎత్తారు. ఎత్తి, దించి, నన్ను చూసి పెద్దగా నవ్వారు. భార్య పోయాక ఆయన నవ్వు నేను వినడం అదే మొదటిసారి.

ఆ రోజు కొండ మీదికి తీగల మీద వేలాడుతూ పోయే బండిలో వెళ్ళి, పైన మంచు కప్పి దెయ్యాల్లా నిలబడ్డ చెట్లు చూడాలని ఏర్పాటు. గోరువెచ్చని నీళ్ళు పోసి వైపర్లు విడదీసేసరికి గంట పట్టింది. మేము వెళ్ళేటప్పటికి గాలి లేచి తీగల బండి ఆపేశారు. కొడుకు అక్కడే, టికెట్ల వరసలో అందరి ముందూ అరిచాడు.

"నీ వల్లే. మా నాన్న ఇంత దూరం వచ్చింది దీనికోసమే. నిన్ను తీసుకురావడమే తప్పు."

నేను కార్లు కడిగేవాళ్ళ సంగతి చెప్పబోయాను. "ఖలాస్" అన్నాడు, ఇక చాలని. అతని వెనక కుర్చీలో ఉన్న బాబా నాకు మాత్రమే కనిపించేలా రెండు ముంజేతులూ లేపారు.

మధ్యాహ్నం యజమాని కట్టెలు లాగే చెక్కబండి ఒకటి తెచ్చాడు, చక్రాలు లేనిది. దాని మీద పరుపు వేసి బాబాను కూర్చోబెట్టి, మేమిద్దరం తాడు పట్టుకుని పొలాల మీద లాగాం. ఒకచోట ఆపమన్నారు. తొడుగు తీసేసి అరచెయ్యి మంచులో పెట్టారు. షుగర్ ఆయన వేళ్ళనూ వదల్లేదు.

"చల్లగా లేదే!" అన్నారు హిందీలో.

నేనూ నా కుడిచెయ్యి పెట్టాను. "నాకూ లేదు బాబా."

"అయితే ఇది మంచు కాదు. మనల్ని మోసం చేశారు."

కొడుకు సత్రంలో ఫోన్ మాట్లాడుతున్నాడు. బాబా మంచు చూసింది ఇక్కడ, ఇలా. కానీ ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునేది, డ్రైవర్ వల్ల ఆయన ఏమీ చూడలేదని.

కువైట్ తిరిగి వచ్చాక అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. నన్ను పిలవాలంటే బాబా గంట కొట్టడం మానేసి రెండు చేతులూ వైపర్లలా ఎత్తేవారు. మొదట పరిహాసానికి. కొన్ని నెలలకు పక్షవాతం వచ్చి మాట పోయింది, ఎడమవైపు బలం తగ్గింది. అప్పుడు అది పరిహాసం కాకుండా పోయింది. కుడిచెయ్యి నిలువుగా, ఎడమది సగం దాకా. నీళ్ళు కావాలన్నా, పక్కకు తిప్పాలన్నా అదే. అది నన్ను పిలవడమని వంటావిడకు తెలుసు, మామాకు తెలుసు, కొడుక్కి బాగా తెలుసు.

పక్షవాతం రెండోసారి వచ్చినప్పుడు ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ నర్సులుంటారు, నువ్వు అక్కర్లేదు అన్నారు. వారంలోపే నా ఇఖామాను, అంటే అక్కడ ఉండే పర్మిట్‌ను, కువైట్ సిటీలో బంధువుల ఆఫీసుకు మార్చేశారు. అబూ హలీఫాలో ఆరుగురుండే గదిలో మంచం చూపించారు. రెండు శుక్రవారాలు ఆసుపత్రికి వెళ్ళాను. గేటు దగ్గర కాపలా మనిషి, "ఏమవుతావు?" అన్నాడు. లిస్టులో నా పేరు లేదు.

బాబా పోయారని వంటావిడ ఫోన్ చేసి చెప్పేసరికి ఖననం కూడా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు ఆఫీసు బండికి ఆయిల్ మార్పించాను.

పరామర్శకు వెళ్ళాను. దివానియాలో, అంటే వచ్చినవాళ్ళు కూర్చునే పెద్ద హాల్లో, మగవాళ్ళంతా వరసగా నిలబడి కొడుక్కి చెయ్యి ఇస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు చెయ్యి పట్టుకునే అడిగాను, బాబా ఆసుపత్రిలో చేతులు ఎత్తారా అని. "బాదేన్" అన్నాడు. తర్వాత అని. నా చేతిలోంచి చెయ్యి తీసుకుని నా వెనకాయనకు ఇచ్చాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళకీ రాలేదు. మెసేజ్‌లు పదకొండు పెట్టాను.

వంటావిడను కూడా విసిగించాను.

"నన్ను లోపలికి రానీలేదన్నా. వార్డు వాకిట్లో టిఫిన్ డబ్బా ఇచ్చి వచ్చేస్తాంటి."

"మామా ఏమైనా అందా?"

"చెయ్యి ఊరికే లేపుతాండాడు, నొప్పేమో, నర్సు కిందికి పెడ్తాంది అని మామా ఎవరితోనో ఫోన్లో అంటాంటే విన్యా. ఒక చెయ్యో రెండు చేతులో నాకు తెలీదు. నొప్పేనేమో అన్నా. వదిలెయ్ ఇంక."

"నొప్పైతే నొప్పని సెప్పమను. నేనేం కాదంటన్నానా?"

"అంత పట్టుదల ఏంటికి నీకు? ఆ వార్డులో మన తెలుగు నర్సు ఒకామె ఉండాది. వాకిట్లో డబ్బా తీసుకునేది ఆమే. ఆమెనడుగు పో."

ఆమె పేరు వంటావిడకు తెలియదు. నేను వెళ్ళేసరికి ఆమె వేరే చోటికి మారిపోయిందన్నారు. కొడుకు తెలుగు చదవలేడు. ఆ నర్సు చదవగలదు. అందుకే ఇదంతా రాశాను.

అమ్మా, మీరెవరో నాకు తెలియదు. మాట పడిపోయిన ఒక కువైటీ ముసలాయన మీ వార్డులో ఉన్నారు. వాకిలి దగ్గర మా వంటావిడ చేతిలోంచి మీరు డబ్బా తీసుకునేవారు. ఆయన చెయ్యి మీరు కిందికి పెట్టి ఉంటారు. మీ తప్పు లేదు. మీకు ఆ సంగతి తెలియదు, నాకు ఆ ఏడు కార్ల సంగతి తెలియనట్టే. కానీ ఎలా ఎత్తారో మీరు చూసి ఉంటారు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, ముంజెయ్యి నిలువుగా, వేళ్ళు కలిపి ఎత్తారా? కుడిది పూర్తిగా, ఎడమది సగం దాకానా? లేక నొప్పితో ఎటుపడితే అటు కొట్టుకున్నారా? ఎత్తినప్పుడు తలుపు వైపు చూశారా?

తర్వాత అనకండి. ఇప్పుడు చెప్పండి.