బాపు కారుకు కొత్త రేడియేటర్

రేడియేటర్‌ను గోనెసంచిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని దేవరకొండ నుంచి నల్లగొండకు బస్సులో పోయిన మనిషిని మా జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. సంచిలో ఏముందని కండక్టర్ అడిగాడు. కారు రేడియేటర్ అన్నాను. కారుంటే బస్సెందుకు ఎక్కావన్నట్టు నన్నొకసారి చూసి లగేజీ టికెట్ కొట్టాడు. పక్కన కూర్చున్నామె చీరకు మసి అంటుతుందని లేచి వెనక్కు పోయింది. సీటంతా నాకూ రేడియేటర్‌కూ మిగిలింది.

ఆ కారు మా బాపు, అంటే నాన్న, కొన్నది. నాకంటే వయసులో పెద్దది. ముందు తలుపులు తిరగేసి తెరుచుకుంటాయి, గేరు స్టీరింగ్ కిందే ఉంటుంది. బాపు పోయాక చుట్టాలందరూ దాన్ని అమ్మెయ్యమన్నారు. నేను పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో ఒక్కదాన్నే. కారు కూడా పోతే వాకిట్లో ఏం మిగులుతుందని మొండికేసి ఉంచుకున్నాను. డిండి దిక్కు ఒక ఊరి బడిలో టీచర్ పని, రోజూ అందులోనే పోయి వచ్చేదాన్ని.

సాయంత్రం తిరిగొచ్చే దారిలో ఒక మిట్ట ఉంది. అది ఎక్కేసరికి ఇంజన్ వేడెక్కి పొగలు కక్కేది. బానెట్ ఎత్తి, రేడియేటర్ చల్లారేదాకా మూత ముట్టకుండా కూర్చోవాలి. తొందరపడి తీస్తే మొహం కాలుతుంది. రోడ్డు పక్కనే గొర్ల దొడ్డి, దాని ముందు ఒక రేకుల ఇల్లు. ఆ ఇంటి ముసలామె బిందెతో నీళ్లు తెచ్చేది. కొడుకులూ కోడళ్లూ గొర్లను తోలుకుని మేత కోసం నెలలకు నెలలు దూరం పోతారు. ఇంటి దగ్గర ఆమె, ఒక కుక్క ఉంటారు. నేను అవ్వా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. కారు చల్లారేదాకా ఇద్దరం గోడ నీడన కూర్చునేవాళ్లం. మందలో ఏ గొర్రెకు కాలికి పుండైందో కొడుకు ఫోన్‌లో చెప్పిన కబురు చెప్పేది, చిన్న కోడలి మీద చాడీలు చెప్పేది, పెళ్లెందుకు చేసుకోలేదని నన్ను నిలదీసేది. అన్నిటికంటే ముందు తిన్నవా అని అడిగేది. ఆ మాట నన్ను అడిగే మనిషి ఇంకొకరు లేరు. బడిలో రోజంతా మాట్లాడతాను గానీ అదంతా పాఠమే. ఇంటికొచ్చి తాళం తీసిన తర్వాత మళ్లీ తెల్లవారేదాకా నా గొంతు నాకు వినపడదు.

ఒక వానాకాలం కారు కింద బొట్టు బొట్టు నీళ్లు కారుతుంటే అవ్వ వంగి చూసింది. ఇంట్లోకి పోయి గుప్పెడు పసుపు తెచ్చి, చల్లారిన రేడియేటర్‌లో పొయ్యమంది. దెబ్బకు పసుపు పెట్టినట్టే, పట్టుకుంటుందంది. నవ్వుకుంటూనే పోశాను. నిజంగానే కారడం ఆగిపోయింది. అప్పటి నుంచి ఎప్పుడు కారినా అదే వైద్యం. వంటకు తెచ్చిన పసుపులో సగం కారే తినేది. చివరికి ఒక ఎండాకాలం కారు మిట్ట దాకా కూడా రాలేక నడిరోడ్డు మీద ఆగిపోయింది. మా ఊరి మెకానిక్ రేడియేటర్ ఊడదీసి, ఇది తన వల్ల కాదని నా చేతిలో పెట్టాడు.

నల్లగొండ రేడియేటర్ దుకాణమాయన దాని పై డబ్బా విప్పాడు. తర్వాత రంపం బ్లేడు ముక్కతో లోపల గీకాడు. పచ్చటి ముద్దలు రాలాయి.

“మేడం, గిండ్ల పసుపు ఎవరు పోసిండ్రు? పైపులన్ని మూసుకపోయినయ్.”

ఇంటి వైద్యం అని ఊరుకున్నాను. ఆయన నా ముందు రెండు రేడియేటర్లు పెట్టాడు. ఒకటి ఇలాంటి కారుదే, తుక్కులో దొరికింది. ఇత్తడిది, మా కారులో అతికినట్టు కూర్చుంటుంది. కాకపోతే పాతది, మిట్టల దగ్గర జర ఆగి చల్లార్చుకోవాల్సి వస్తుందన్నాడు. రెండోది కొత్తది, అల్యూమినియంది. పట్టీలు మార్చి ఇస్తాను, మీ ఊరి మెకానిక్ బిగిస్తాడన్నాడు.

“గిది ఏసుకుంటే ఫికరే లేదు మేడం. శ్రీశైలం దాక పోయినా ఎక్కడ ఆగే పని లేదు.”

కొత్తది చాలా బాగుంది. నిగనిగలాడుతోంది. నా చెయ్యి మాత్రం పాతదాని మీదనే ఉండిపోయింది. డబ్బులకు వెనకాడుతున్నాననుకుని ఆయన తగ్గించి ఇస్తానన్నాడు. ఏమని చెప్పను? కారు వేడెక్కితే బాగుండునని ఒకామె రేడియేటర్ కొనడానికి వచ్చిందని చెప్పనా? నడిరోడ్డు మీద చెడిపోతే తప్ప మాట్లాడే దిక్కు లేని బతుకా నాదని నా మీద నాకే మండిపోయింది. ఆ కోపంలోనే కొత్తది కట్టివ్వమన్నాను.

కారు గుర్రంలా తయారైంది. మిట్ట ఎక్కుతున్నా వేడి చూపించే ముల్లు మధ్యలోంచి కదలదు. ఆగాల్సిన పని లేదు. పని లేకుండా ఒకరి వాకిట్లో ఆగడం నాకు చేతకాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. అవ్వ చంకలో బిందెతో ఇంటి ముందు నిలబడి కనిపించేది. చెయ్యి ఊపి పోయేదాన్ని. చీకటి పడకముందే ఇల్లు చేరేదాన్ని. చేరి చేసేదేమీ లేదు. టీవీ పెట్టుకుని, ఏం వస్తోందో కూడా చూడకుండా అన్నం తినేదాన్ని. దసరా సెలవుల్లో అయితే పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడిన గుర్తు లేదు.

సెలవులయ్యాక మొదటి రోజే మిట్ట మీద కారు ఆపాను. దిగి, దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసి బానెట్ ఎత్తాను. అవ్వ నీళ్లు తెచ్చింది. పొగ లేదు, చప్పుడు లేదు. ఆమె ఇంజన్ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. వేడెక్కింది అవ్వా అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినపడింది. ఆమె బిందె కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“కారు సప్పుడు ఇనంగనే నీళ్లు ముంచుకొని వాకిట్లకొస్తున్న బిడ్డా, రోజు. నువ్వేమొ చెయ్యి ఊపుకుంట పోతున్నవు.”

ఇన్నాళ్లూ ఆమె నీళ్లకు పోతోందనుకున్నాను. చంకలో బిందె నాకు రోజూ కనిపిస్తూనే ఉంది. అది నిండు బిందె అని మాత్రం ఒక్కనాడూ తోచలేదు.