ఆగకూడని ఇంజను

మొన్న బందరు రోడ్డు మీద మనవడి మోటారు సైకిలు వెనక కూర్చుని వస్తుంటే, సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఇరుక్కుపోయాయి. సైలెన్సరుకి తగలకుండా కాలు ఎత్తిపెట్టుకుని కూర్చున్న నన్ను చూసి వాడు నవ్వి, ఇంజను సెగ కొడుతోంది తాతయ్యా, ఆయిల్ మార్పించాలేమో అన్నాడు. ఆయిల్ కాదురా, దానికి గాలి కావాలి అన్నాను. ఆ మాట నాది కాదు, మా బావది. ఆ మాట అన్నందుకే ఆయన జన్మంతా కుంటుతూ నడిచాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, మిలిటరీవాళ్ళు వదిలించుకున్న మోటారు సైకిళ్ళు మన వైపు మోతుబరుల ఇళ్ళకు చేరిన రోజులు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు మా అక్క మొగుడికి బెజవాడలో బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది, ఆయన దగ్గర పని నేర్చుకుని నేనూ ఆయనతో సమానంగా రెంచి పట్టేవాణ్ణి. షెడ్డు ఉన్న స్థలం పామర్రు వైపు పల్లెలో ఉండే ఒక మోతుబరిది. ఆయన కూడా పక్కతొట్టి, అదే సైడుకారు, ఉన్న బండి ఒకటి కొని, నెల తిరక్కుండానే ఇంజను కుంపటిలా మండుతోందనీ, పొగగొట్టం ఎర్రబడుతోందనీ కబురు పెట్టాడు.

ఇద్దరం వెళ్ళి నూనె చూశాం, ప్లగ్గు విప్పాం, కార్బురేటరు కడిగాం. ఎక్కడా తప్పు లేదు. కాలవగట్టు మీద జోరుగా తోలి తెస్తే సెగ మామూలుగానే ఉంది. అయ్యగారు ఎలా తోలుతారో చూద్దామని బావకు తోచింది. చూశాక తెలిసింది, జీతగాడు ఒకడు కర్ర పట్టుకుని తప్పుకోండి తప్పుకోండి అని అరుస్తూ ముందు నడిస్తే, అయ్యగారు వాడి నడకకు మించకుండా వెనకాలే తోలుకొస్తారు, పెద్దమనిషి పరుగెత్తకూడదు గదా!

"గాలి తగిలితేనే ఇది చల్లబడుద్దండీ, కాస్త జోరుగా తోలాలండీ" అన్నాడు బావ.

"నన్ను ఊళ్ళో పరుగెత్తమంటావట్రా?" అంటూ నలుగురి ముందూ చెప్పు తీశాడు ఆయన. కొట్టలేదు. కొట్టి ఊరుకున్నా బాగుండేది.

ఆ నెల్లోనే ఆయన కొడుకు పెళ్ళయింది. పల్లకీ వద్దని, పక్కతొట్టిలో కొత్త జంటను ఇరికించి, బావ చేత బండి తోలిస్తూ ఊరేగించారు. ప్రతి ఇంటి ముందూ హారతికి బండి ఆగాలి, ఇంజను మాత్రం ఆగకూడదు, ఆ చప్పుడు ఆగితే దంపతులకు అపశకునమట. ఆగిందంటే షెడ్డు ఖాళీ చెయ్యాల్సిందేనని బావకు ముందే చెప్పేశారు. పొద్దు వాలేసరికి పొగగొట్టం ఎర్రగా కనపడసాగింది. వింత చూడడానికి ఎగబడ్డ జనం తోసుకొచ్చి బావ కాలిని దానికేసి అదిమేశారు. నేను తడితువ్వాలు అడ్డం పెట్టబోతే, తడి తగిలి బండి ఆగిపోతుందని జీతగాళ్ళు నన్ను వెనక్కి లాగేశారు.

"అయ్యగారూ, కాలు కాలిపోతందండీ, ఒక్క క్షణం ఆపుతానండీ" అన్నాడు బావ.

అయ్యగారు ఆ గొట్టాన్నీ ఆ కాలినీ తీరిగ్గా చూసి, "గాలి కావాలన్నావుగా, సన్నాయివాళ్ళ చేత ఊదిస్తాలే" అన్నాడు.

అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు కూడా నవ్వాడు. వాళ్ళ వంశమే నాశనమైపోవాలని ఆ నిమిషాన నేను మనసారా కోరుకున్నాను, ఇప్పటికీ ఆ కోరిక తప్పనిపించదు. కాలిన వాసన సాంబ్రాణి పొగలో కలిసిపోయింది. బావ ఇంజను ఆపలేదు.

పిక్క మీద కండ ఊడొచ్చింది. అయ్యగారు పంచెల చాపు పంపాడు. షెడ్డు మాకు మిగిలింది, కానీ బావ మళ్ళీ ఏ బండికీ కిక్కు కొట్టలేకపోయాడు. నేను స్టార్టు చేస్తే, ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని చప్పుడు విని జబ్బేమిటో చెప్పేవాడు.

సిగ్నల్ దగ్గర పచ్చ లైటు ఇంకా వెలగలేదు. ఆ అయ్యలు పోయారు, వాళ్ళ ముందు నడిచే కర్రలూ పోయాయి. సెగ తట్టుకోలేక మనవడు బొటనవేలితో మీట నొక్కి, ఎవర్నీ అడక్కుండా ఇంజను ఆపేశాడు. ఆ రోజు బండికి కూడా ఇంజను ఆపే మీట ఉంది, బావ చేతికి అందేంత దగ్గర్లోనే.