రెండు చీరల వదిన

మా పక్కింటి వదిన పోయింది. ఆ కబురు మోసుకొచ్చింది మా ఇంట్లో పనిచేసే యాదమ్మ. పొద్దున్నే బోరబండ నుంచి వచ్చి ఆటో దిగుతూనే, పక్కింటి గేటు దగ్గర నలుగురు నిలబడి ఉంటే కనుక్కుందట. వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, డబ్బింగమ్మ పోయింది. నిద్రల్నే పోయిందంట. మీరు జర కూసోండి," అంది. నేను కూర్చోలేదు. గిన్నెలో ఇద్దరికి సరిపడా కాఫీ ఉంది. ఒకటి నాకు, ఒకటి ప్రహరీ మీదుగా ఆవిడకి. ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ పూట రెండోది యాదమ్మ తాగింది. రోజూ నా కాఫీకి వంకపెట్టే యాదమ్మ ఆ రోజు గ్లాసు ఖాళీ చేసి, కడిగి బోర్లించింది. అప్పుడు తెలిసింది నాకు, నిజంగానే పోయిందని.

ఇది చదువుతున్న మీరు ఆవిణ్ణి చూసి ఉండరు. విని మాత్రం ఉంటారు. తెలుగు ముక్క రాని నాయికలు తెర మీద కుమిలిపోతుంటే మీరు హాల్లో కూర్చుని కళ్ళొత్తుకున్నారే, ఆ ఏడుపు మా వదినది. మాటలన్నీ ఇంకో అమ్మాయి చేత చెప్పించుకుని, ఏడుపులకీ కేకలకీ మాత్రం ఈవిణ్ణి పిలిపించుకున్న దర్శకులున్నారు. మొగుడు పెళ్ళాన్ని కొట్టే సీను పడిందంటే స్టూడియో వ్యాను తిన్నగా మా వీధిలోకి వచ్చేది. పగలంతా మైకు ముందు దెబ్బలు తిని, సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. "ఇవాళ ఎవరు కొట్టారు వదినా?" అని అడిగితే, "కొత్త కుర్రాడండీ. చెయ్యి బాగానే ఆడుతోంది, టైమింగే లేదు," అనేది.

మా ఆయన ప్రొడక్షన్ మేనేజరుగా ఉన్న రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో ఈ ఇల్లు కట్టుకున్నాం. నేను ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. పక్కింట్లోకి ఒంటరిగా ఒక క్రైస్తవ ఆవిడ దిగితే వీధిలో మూడు కథలు పుట్టాయి. సినిమావాళ్ళ వీధి కదా, కథలకు లోటేముంది. ఏ ఒక్కటీ నిజం కాదు. మొదటి రోజునే ఆవిడ నన్ను వదినగారూ అని పిలిచింది. నేనూ వదినా అన్నాను. అంతటితో కులం, మతం, గోత్రం అన్నీ తేలిపోయాయి. గొంతు కోసం ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేది. ఆదివారం చర్చికి వెళ్ళే ముందు కీర్తనలు సాధన చేసేది. అంత గొప్ప గొంతుకి పాట మాత్రం రాదు. ఆ విషయం దేవుడికీ నాకూ మాత్రమే తెలుసు.

ఆవిడ పుట్టిందీ, మెట్టిందీ గోదావరి పాయల మధ్య ఒక లంకలో. బడి, చర్చి, కొబ్బరి తోటలు అన్నీ ఉన్నాయట, వంతెన తప్ప. రోడ్డు మొహం చూడాలంటే పడవ ఎక్కాలి. అంతకుమించి చెప్పేది కాదు. మిగతాది నాకు తెలిసింది కుమారి వచ్చిన రోజున.

అది మే నెల. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఆవిడ వరండాలోనే ఉన్నాను. వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, ఎవరో కడుపుతోని ఉన్నామె వచ్చింది. మీ కోసమేనంట," అన్నాడు. వెనకే వచ్చింది పిల్ల. పాతికేళ్ళుంటాయి. చెమటతో తడిసి ముద్దయిపోయింది. ఎడమ దవడ వాచి ఉంది. చేతులు ఖాళీ. నడుము దగ్గర నిజంగానే ఎత్తుగా ఉంది. వదిన ఆ నడుము వంక ఒక్క క్షణం చూసి లేచింది. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపిస్తూ, "ముందు పైచీర విప్పెయ్యమ్మా, ఉడికిపోతావు. ఇక్కడ నిన్నెవరూ అడగరు," అంది.

పిల్ల అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకి గుమ్మంలోనే కూలబడింది.

కడుపు కాదది. చీర మీద చీర. వాళ్ళ లంకలో ఒక పద్ధతి ఉందట. పెళ్ళైన ఆడది చేతిలో మూటతో ఒంటరిగా రేవుకి వస్తే పడవాయన ఎక్కించుకోడు. ఇంటికి కబురు పెడతాడు. ఇంట్లోంచి ఎవరో ఒక మగాడు వచ్చి సరేనంటేనే పడవ కదులుతుంది. తాళ్ళు, తాళాలు ఏమీ ఉండవు. కాపలా అని ఎవరూ అనుకోరు, ఊరి ఆడపిల్లల బాధ్యత అనుకుంటారు. అందుకని అక్కడినుంచి తప్పించుకోవాలనుకున్న ఆడవాళ్ళు చేతులూపుకుంటూ, సంతకి వెళ్తున్నట్టు, ఒంటి మీద రెండు చీరలు కట్టుకుని వస్తారు. మా వదినా ఒకప్పుడు అలాగే దాటింది. లంకలోని పాస్టరుగారి భార్యకి ఆ సంగతి తెలుసు కనుకే కుమారికి మా వీధి గుర్తులు చెప్పి పంపింది.

రెండు చీరలతో వచ్చిన కుమారి కూతుర్ని తీసుకురాలేకపోయింది. పిల్లని చంకనేసుకుని బయల్దేరితే అది కూడా మూట కిందే లెక్క. నాలుగేళ్ళ పిల్ల అత్తగారి దగ్గర ఉండిపోయింది. ఇక్కడికి వచ్చాక కుమారి అడిగింది ఒక్కటే. మొగుడికి శిక్ష కాదు, మనోవర్తి కాదు. పిల్ల.

కేసు పెట్టడానికి ముందు వదిన కుమారి చేత రిహార్సల్ చేయించింది. నన్ను ఎస్సైని చేసింది. ఆ పాత్రకి నేనే సరిపోతానని వీధంతా ఒప్పుకుంది. నేను కళ్ళజోడు ముక్కు మీదికి దించి, "నువ్వేం చేస్తే కొట్టాడు?" అని గద్దించేదాన్ని. కుమారి బావురుమనేది. వదిన చెయ్యెత్తి ఆపి, "మళ్ళీ మొదటినుంచి," అనేది, డబ్బింగులో అదే సీను ముక్కని లూపుగా మళ్ళీ వేసినట్టు. "ఏడుస్తూ చెబితే ఏడుపే వింటారమ్మా, మాట వినరు. ముందు చెప్పు. తర్వాత ఇంటికొచ్చి ఎంతసేపైనా ఏడువు, నేను తోడొస్తాను." ఏడుపులు అమ్ముకుని బతికిన మనిషి చెప్పిన మాట అది. కుమారి స్టేషన్లోనూ, కోర్టులోనూ ఒక్క చుక్క రాలకుండా చెప్పింది. పిల్ల తల్లి దగ్గరే ఉండాలని కోర్టు అంది.

పిల్లని తెచ్చుకోవడానికి ముగ్గురం లంకకి వెళ్ళాం. వెంట ఒక అధికారి, ఒక కానిస్టేబులు. అత్తగారు నానా మాటలూ అని, చివరికి పిల్లని వదిలింది. పని అయిందనుకుని ప్రభుత్వం వారు భోజనం వేళైందని ముందు పడవలో వెళ్ళిపోయారు. తరువాతి పడవకి మేము ముగ్గురు ఆడవాళ్ళం, ఒక పిల్ల, పిల్ల బట్టలున్న సంచి.

పడవాయన బాగా ముసలివాడు. సంచిని చూశాడు, పిల్లని చూశాడు. కోపంగా కాదు, చాలా మర్యాదగా అన్నాడు. "ఇంట్లో సెప్పొచ్చేవా అమ్మా? ఓ కబురెట్టమంటావా?"

కుమారి సంచిని వెనక్కి దాచుకుంది. అప్పుడు కబురు వెళ్తే మొగుడూ, వాడి అన్నదమ్ములూ రేవులో దిగుతారు. కోర్టు కాగితం మా దగ్గర ఉన్నా కానిస్టేబులు అవతలి ఒడ్డున ఉన్నాడు.

వదిన ముందుకొచ్చింది. "బాబాయ్, మగాడు సంచట్టుకుని పడవెక్కితే ఎక్కడికని అడుగుతావా?"

"మగోడు ఎక్కడికెళ్తే మనకెందుకండీ."

"ఈ పిల్లని మొగుడు కొట్టినప్పుడు ఏమనుకున్నావు?"

ముసలాయన నీళ్ళకేసి చూశాడు. "మొగుడూ పెళ్ళాల గొడవ. మనకెందుకనుకున్నానండీ."

"పడవెక్కేటప్పుడూ అదే అనుకో బాబాయ్. చాలు."

పడవలో ఒకరిద్దరు నవ్వారు. వదిన నవ్వలేదు. లవంగం తీసి పారేసి, అదే గొంతుతో చెప్పింది. "చాన్నాళ్ళ కిందట ఈ రేవుకే ఒక పిల్ల మూటతో వచ్చింది. రెండు చీరలు కట్టుకోమని నేను చెప్పాను. కొత్త చీర నలిగిపోతుందని మూట కట్టింది. నువ్వు కబురెట్టావు. మర్యాదగానే పెట్టావు. వాళ్ళొచ్చి తీసుకెళ్ళారు. ఆ ఏడాది దాటలేదు. జ్వరమన్నారు. ఆ పిల్ల నా చెల్లెలు."

అన్ని సినిమాల్లో అన్ని రకాలుగా ఏడ్చిన ఆ గొంతు అక్కడ వణకలేదు.

ముసలాయన వంగి కుమారి కూతుర్ని ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. తాడు విప్పాడు. అవతలి ఒడ్డున సంచి అందిస్తూ, "మీ సెల్లెలి పేరేంటండీ?" అని అడిగాడు. వదిన చెప్పింది. ఆ పేరు నేనూ అప్పుడే విన్నాను. బస్సెక్కాక ఆవిడ కిటికీకి తల ఆనించి ఏడ్చింది. చప్పుడు లేదు. డబ్బింగుకి పనికొచ్చే ఏడుపు కాదది.

కుమారి కొన్నాళ్ళు ఆవిడ మేడ మీది గదిలో ఉండి, మోతీనగర్‌లో ఒక కుట్టుషాపుకి వెళ్ళేది. తర్వాత లంకకే వెళ్ళిపోతానంది. నీకేమైనా మతిపోయిందా అని నేను కేకలేశాను. వదిన నన్ను ఆపింది. "కొట్టినవాడు దర్జాగా ఊళ్ళో తిరుగుతుంటే, దెబ్బలు తిన్నది ఊరొదలాలా వదినగారూ? దాని కొబ్బరిచెట్టు నీడ దానికక్కర్లేదా?" కుమారి అక్కడి పొదుపు సంఘం ఆడవాళ్ళని కూడగట్టుకుని, మిషను తీసుకెళ్ళి రేవు పక్కనే పెట్టుకుంది. జాకెట్లు కుట్టుకుంటూ పడవెక్కేవాళ్ళని చూస్తుంటుంది. వదిన వీలున్నప్పుడల్లా వెళ్ళి ఆ మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ఏం చేశారు వదినా అంటే, "ఏమీ లేదండీ. కూర్చున్నాం. ఎవరూ ఎవర్నీ అడగలేదు," అనేది తృప్తిగా.

అంతా మారిపోయిందని నేను చెప్పను. చరిత్ర చెప్పినదాన్ని, అంత తొందరగా నమ్మను. పోయిన వానాకాలంలో కూడా ఒక పిల్ల ఇక్కడికి రెండు చీరలతోనే వచ్చింది. ఆ రాత్రి వదిన అన్నం తినలేదు.

ఆవిడ పోయిన రోజున సినిమావాళ్ళు కొద్దిమంది వచ్చారు. ఒక నిర్మాత సంతాపం పంపాడు, పేరు తప్పు రాసి. మర్నాడు పొద్దున్నే కుమారి కూతుర్ని వెంటబెట్టుకుని దిగింది. చేతిలో పెద్ద సంచి. మళ్ళీ మళ్ళీ కుట్టిన పిడులతో, పొట్ట ఉబ్బి, జిప్పు సరిగ్గా పట్టక, లోపలి చీర కొంగు బయటికి వేలాడుతూ ఉంది. దాన్ని గుమ్మంలోనే వదిలేసి లోపలికి పరిగెత్తింది.

చాలాసేపటికి కుమారి నా పక్కన వచ్చి కూర్చుంది. "పడవ తాతే సంచి ఎత్తి లోపల పెట్టాడు మామ్మగారూ. ఎక్కడికని అడగలేదు. నేనే చెప్పాను."

"ఏమన్నాడు?"

"తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడండీ. అవతలి ఒడ్డొచ్చేదాకా కట్టుకోలేదు."

వదినకి తెల్లచీర కట్టారు. ఒక్కటే. కుచ్చిళ్ళు పల్చగా, అంచులు సమంగా ఉన్నాయి. రెండు చేతులూ ఖాళీగా గుండెల మీద ఉన్నాయి. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నేను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. పూలదండల వాళ్ళు, పెట్టె మోసేవాళ్ళు, వీధివాళ్ళు లోపలికి వస్తూ పోతూ ఉన్నారు. దారికి అడ్డంగా కుమారి సంచి ఉంది. ప్రతివాళ్ళూ ఆగి, కొంగు తొక్కకుండా దాన్ని దాటుకుని వెళ్తున్నారు. ఎవరూ పక్కకు జరపలేదు.