పైపు కొరికిన కుక్క పక్షాన నిలిచిన మనిషి

మునిరత్నప్ప గారు కాలధర్మం చెందారని పుంగనూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను కుప్పం దగ్గర ఒక దూడ కాలికి కట్టు కడుతున్నాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పశువైద్యశాలల్లో కాంపౌండరుగా జీవితమంతా ధారపోసిన మనిషి, నాకు సూది పట్టడం నేర్పిన గురువు, గుండె ఆగి వెళ్ళిపోయారు. ముందు దుఃఖం వచ్చింది. పుంగనూరులో సంతాపసభకు వెళ్ళాక కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

సభలో వక్తలందరూ ఆయన్ను శాంతమూర్తి అన్నారు. పచ్చి అబద్ధం. ఆయన మహా కోపిష్ఠి. ఆయన కరుణ అంతా ఆ ఆగ్రహంలోనే ఉండేది.

మా వైపు టమోటా తోటలకు డ్రిప్పు వచ్చాక కాలవలు మాయమయ్యాయి. నీళ్ళన్నీ నల్లటి పైపుల్లోనే పోతాయి. కాపలాకని గొలుసుతో కట్టేసిన కుక్కకు తాగడానికి చుక్క ఉండదు. అది పైపు కొరుకుతుంది, రైతు దాన్ని కొడతాడు. ఒకసారి పెద్దపంజాణి వైపు నుంచి ఒక రైతు తన కుక్కను తెచ్చి, "పైపులన్నీ కొరికి నాశనం చేస్తాండాది సార్. దీని పొగరు దిగేదానికి ఏమన్నా మందుండాదా?" అని అడిగాడు. మునిరత్నప్ప గారు దాని మెడ మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి వదిలారు. మడత అలాగే నిలబడిపోయింది. పెదవి ఎత్తి చూపించారు. చిగుళ్ళలో తడి లేదు, జిగటగా ఉన్నాయి. వేలితో నొక్కితే తెల్లబడిన చోటికి ఎరుపు వెంటనే తిరిగి రాలేదు.

"సూడప్పా, ఇది పొగరు కాదు, దాహం. టమోటా చెట్టుకు అన్ని నీళ్ళు ఇడుస్తావే, దీనికి గిన్నెడు నీళ్ళు యాల పెట్టవు?" అని అందరి ముందే కడిగేశారు. రైతు తలెత్తలేదు. మర్నాడే తోటలో తొట్టి పెట్టాడు.

నన్నూ వదల్లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వాంతులతో సొమ్మసిల్లిన కుక్కపిల్ల మీద జాలిపడి దాని గొంతులో చెంబుతో నీళ్ళు పోయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు. "ఊపిరితిత్తుల్లోకి పోతే సచ్చిపోతాదమ్మా. నీ జాలి దానికి యాల?" అన్నారు. పడిపోయిన జీవానికి నోట్లో ఏమీ పోయకూడదని, వెంటనే డాక్టరు చేత సెలైన్ ఎక్కించాలని, తల ఎత్తి మింగగలిగేదానికైతే కొంచెం కొంచెంగా, మధ్యలో ఆగుతూ తాగించాలని ఆ రోజు తిట్లతోనే నేర్పారు. ఏడ్చాను గానీ మరిచిపోలేదు.

సభలో మైకు పట్టుకుని అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆ పెద్దపంజాణి వైపు రైతే. "ఆయప్ప నా కండ్లు తెరిపించినాడు" అన్నాడు. నమ్మాను. తిరిగి వస్తూ, దారిలోనే కదా అని అతని తోట దగ్గర ఆగాను. తొట్టి ఉంది. అందులో ఎరువు బస్తా ఉంది. ఇప్పుడున్నది అప్పటి కుక్క కాదు, దాని తర్వాతది. కళ్ళు లోతుకు పోయి గొలుసు చివర పడుకుని ఉంది. పక్కనే పంటిగాట్లు పడిన పైపు. చర్మం లాగి వదిలాను. మడత నిలబడింది.

డాక్టరుకు ఫోను చేశాను. అది ఇంకా తల ఎత్తుతోంది కాబట్టి నా సీసాలోని నీళ్ళు మూతతో కొంచెం కొంచెంగా తాగించాను. అంతలో రైతు వచ్చాడు. మునిరత్నప్ప గారి మాటే అతనికి అప్పజెప్పాను, "దీనికి గిన్నెడు నీళ్ళు యాల పెట్టవు?" అని. అతను నవ్వాడు.

"ఆయప్పే పోయినాడు కదమ్మా. ఇంగ నువ్వేం సెప్తావులే" అన్నాడు.

తీరని లోటు అని సభలో ప్రతివాళ్ళూ అన్నారు. దాని అర్థం నాకు ఆ తోటలో తెలిసింది. ఆయన తిడితే సిగ్గుపడిన మనిషి నేను తిడితే నవ్వాడు.

సార్, మీ పటానికి నేను పూలు వేయలేదు. తొట్టిలోని బస్తాను బయటికి ఈడ్చి, నీళ్ళు నింపి, డాక్టరు వచ్చి సెలైన్ పూర్తయ్యేదాకా ఆ కుక్క పక్కనే కూర్చున్నాను. రేపు మళ్ళీ వెళ్తాను. నవ్వితే నవ్వనీండి. అతనికి సిగ్గు వచ్చేదాకా తిడతాను.