చెప్పుల సంచీ, క్లచ్ ప్లేటూ

ఆ రోజుల్లో కారు ఒక ఇంటి ముందు నిలబడేదే కానీ, దాని మీద హక్కు గల్లీ మొత్తానికీ ఉండేది. లాల్‌దర్వాజాలో మా గల్లీకి ఉన్న ఒకే ఒక్క కారు మా బాపుది. కరెంటాఫీసులో ఆయన పై అధికారి రిటైరవుతూ అమ్మేస్తే కొన్న పాత తెల్ల కారు. బాపుకు నడపడం రాదు, నేర్చుకోవాలన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు. పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, ముందు సీట్లో కూర్చుని పేపరు చదివి, తాళం వేసి సైకిల్ మీద ఆఫీసుకు పోయేవాడు. నడిపే భాగ్యం నాది. నాకు అప్పుడే కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చింది, మీసం కూడా దాదాపు అప్పుడే వచ్చింది. గల్లీలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరి చుట్టం రైలు దిగినా నన్నే లేపేవారు. నేను లేచేవాడిని. (గల్లీలో నాకు అంత గౌరవం మళ్లీ ఎప్పుడూ దొరకలేదు, అందుకే ఇంత వివరంగా చెప్పుకుంటున్నాను.)

అలాంటి రోజుల్లో మా గల్లీలోనే ఉండే మా పెద్దమ్మ కొడుకు పెళ్లి వచ్చింది. పిల్లది సైదాబాద్. ఆమె తండ్రికి అఫ్జల్‌గంజ్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం, అందరూ సేటు అనేవారు, నేను సేటు మామ అనేవాడిని. పెళ్లి అఫ్జల్‌గంజ్ దగ్గరి ఫంక్షన్ హాల్లో. సాయంత్రం కొత్త జంటను ఇంటికి ఊరేగించే బరాత్‌కు మా కారునే పూలతో సింగారించారు. వెనక సీట్లో అన్న, కొత్త వదిన. కొత్త పెళ్లికూతురికి తోడుగా అత్తారింటికి ఒకరు వెళ్లాలి కదా, అలా వదిన చెల్లెలు నా పక్కన ముందు సీట్లో కూర్చుంది. ఆమె చేతిలో వాళ్ల అక్క ఎత్తుమడమల చెప్పులున్న గుడ్డ సంచి ఉంది. కూర్చోగానే దాన్ని రెండు సీట్ల మధ్య, సరిగ్గా హ్యాండ్‌బ్రేకు మీద పెట్టింది. నేను ఆ సంచిని చూశాను, ఆమె గాజుల చేతిని చూశాను, ఇంకేమీ చూడలేక రోడ్డు వైపు తిరిగాను.

చార్మినార్ దాకా బాగానే వచ్చాం. అక్కడ బ్యాండు మేళం కలిసింది. ముందర మేళం, మేళం ముందు ఆడే కుర్రాళ్లు, వెనకాల నడుస్తూ అమ్మ, పెద్దమ్మ, మొత్తం ఆడవాళ్లు, మధ్యలో మా కారు. శాలిబండ ఎత్తు మొదలవగానే సైదాబాద్ కుర్రాళ్లకు పూనకం వచ్చింది. పది అడుగులు నడవడం, ఆగి ఆడడం, అదే పాట మళ్లీ కొట్టించడం. కారు నడిపేవారెవరైనా ఎత్తు మీద ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసుకుంటారు. కాలి బ్రేకు మీద ఆపితే మళ్లీ కదిలేటప్పుడు బండి జానెడు వెనక్కి జారుతుంది, వెనకాల మా అమ్మ ఉంది. హ్యాండ్‌బ్రేకు వేయాలంటే సంచి తీయాలి. సంచి తీయాలంటే ఆమెను అడగాలి. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. ‘కొంచెం సంచి జరుపుతారా’ అని మనసులో అనుకుంటాను, గొంతు సవరించుకుంటాను, ఆమె నా వైపు తిరుగుతుంది, నేను అద్దం సర్దుకుంటాను. అలా ఆ ఎత్తంతా క్లచ్చును సగం తొక్కి, ఇంజన్ బలం మీదనే కారును గాలిలో నిలబెట్టినట్టు నిలబెట్టాను.

సగం ఎత్తుకు వచ్చేసరికి కారులో వాసన మొదలైంది. "ఏందో మాడుతున్నట్టున్నది," అంది ఆమె. అది ఆమె నాతో అన్న మొదటి మాట. నేను చాలా గంభీరంగా, రోడ్డు పక్కన మిర్చీలు వేస్తున్నారు, వాళ్ల నూనె పాతది అని చెప్పాను. ఆమె కిటికీలోంచి చూసింది. అక్కడ గాజుల దుకాణం ఉంది. పెదవి చివర నవ్వినట్టు నాకు అనిపించింది. ఆ నవ్వును తలుచుకుంటూ మిగతా క్లచ్చును కూడా తగలబెట్టాను. మా గల్లీ మొదట్లో కారు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఇంజన్ అరుస్తుంది, చక్రం తిరగదు. కుర్రాళ్లు అదీ వేడుకలో భాగమే అనుకుని, కొత్త దంపతులను కారుతో సహా తోసుకుంటూ ఇంటికి చేర్చారు. తోస్తున్నంతసేపూ నేను స్టీరింగ్ పట్టుకుని, ఎటూ చూడకుండా కూర్చున్నాను.

మర్నాడు మెకానిక్ మామూ ప్లేటు ఊడదీసి, మాడిన రొట్టెను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని చూపించాడు. "మియా, బరాత్ మే చలాయే క్యా?" అన్నాడు. బరాత్‌లో నడిపినట్టు ఆయనకు ఎలా తెలిసిందా అని చూస్తే, బానెట్ మీద బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది. ఆయన చెప్పిన ఖర్చు నా నెల జీతాన్ని దాటింది. ప్లేటు ఒక్కటే మారిస్తే లాభం లేదట, దాన్ని నొక్కిపట్టే పై ప్లేటు, బేరింగు కూడా పోయాయట.

ఆ ఖర్చు ఎవరిదన్నది రెండిళ్ల సమస్య అయింది. బరాత్ ఖర్చు మగపెళ్లివారిది, అది ఆచారం. కానీ ఎత్తు మీద అన్నిసార్లు ఆపి ఆడింది ఆడపెళ్లివారి కుర్రాళ్లు కాబట్టి సగం వాళ్లు పెట్టుకోవాలని పెద్దనాన్న అన్నాడు. బాపు మాత్రం తనకు ఒక్క పైసా వద్దన్నాడు. ఆ మాట పొద్దునా మాపూ ఎంత గట్టిగా అన్నాడంటే, కావాలన్న సంగతి గల్లీ అందరికీ తెలిసిపోయింది. సేటు మామ మంచివాడు, సగం ఇస్తానని వెంటనే ఒప్పుకున్నాడు. కానీ ఆయన వ్యాపారి. మూడు చోట్ల ధర అడగకుండా గుండుపిన్ను కూడా కొనని మనిషి. ఇంకో ఇద్దరు మెకానిక్‌ల దగ్గర కూడా ధర చీటీలు రాయించుకుని పట్టుకురమ్మని నాకు కబురు పంపాడు.

ఆ కబురు విని బాపు మండిపడ్డాడు. నేను మాత్రం తల దువ్వుకున్నాను. ఎందుకంటే ఆ చీటీలు ఇవ్వాల్సింది దుకాణంలో కాదు, సైదాబాద్‌లో వాళ్లింట్లో. తలుపు తీసేది ఆమె.

ఎంత ఆనందంగా తిరిగానో! కారు మూలన పడింది కాబట్టి బస్సెక్కి పోయేవాడిని. చీటీ ఇస్తే ఆమె మజ్జిగ ఇచ్చేది, అది తాగుతూ వాళ్లింటి గోడ మీది క్యాలెండరు చూసేవాడిని. బస్సులో దారి పొడవునా ఒక మాట తయారు చేసుకునేవాడిని, మజ్జిగతో పాటు దాన్నీ మింగి వచ్చేవాడిని. సేటు మామ మూడు చీటీలూ చూసి, ఒకదానిలో బేరింగు ధర లేదు, మళ్లీ రాయించు అన్నప్పుడు ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. ఈ క్లచ్ ఖర్చు ఎప్పటికీ తేలకుండా చూడమని మహంకాళి అమ్మవారికి నిజంగానే దండం పెట్టుకున్నాను. ఆ అమ్మాయి లేకుండా నాకు పొద్దు పోయేది కాదు. అంతే, అంతకన్నా వేరే రకంగా చెప్పడం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు.

అమ్మకు అనుమానం వచ్చినట్టుంది. ఒక రోజు అన్నం వడ్డిస్తూ, కోడలి చెల్లె మంచిగున్నది, మనవాడికి అడుగుదామా అని బాపుతో అంది. బాపు కంచంలోంచి తల ఎత్తలేదు.

"క్లచ్ ప్లేటుకే మూడు దుకాన్లు తిప్పినోడు," అన్నాడు, "పిల్లనియ్యాలంటే నా కొడుకు రేటు ఎన్ని దుకాన్ల అడుగుతడో. గసొంటి సంబంధం మనకొద్దు."

అప్పుడైనా నోరు తెరిచి, ఆ ప్లేటు కాల్చింది నేనే, ఎవరి ఆటా కాదు అని చెబితే బాపు కోపం చల్లారేదేమో. కానీ ఎందుకు కాల్చావంటే సంచి సంగతి చెప్పాలి. సంచి జరపమనడానికే రాని నోరు, ఆ సంగతి బాపుతో చెప్పడానికి వస్తుందా? పప్పు ఇంకొంచెం వెయ్యమని మాత్రం అన్నాను.

ఆ వారమే సేటు మామ లెక్క తేల్చి సగం డబ్బు కవరులో పెట్టి ఇచ్చాడు. పైగా ఒక స్టీలు బిందె బహుమతి. ఆమె గేటు దాకా వచ్చింది. నాకు ఇక ఆ ఇంటికి రావడానికి ఏ కారణమూ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు. గేటు మూయకుండా నిలబడి అడిగింది.

"ఆ దినం హ్యాండ్‌బ్రేక్ ఎందుకు ఎయ్యలే?"

వాళ్ల దుకాణానికి ఒక సామాన్ల వ్యాను ఉంది, చిన్నప్పటి నుంచి అందులో తిరిగిన పిల్ల. ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"దాని మీద సంచి ఉండె," అన్నాను.

"జరుపుమంటే జరుపుతుంటి గద," అంది. గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు. నేను బిందె చంకన పెట్టుకుని బస్సు స్టాపు దాకా నడిచాను. మరుసటి ఏడు ఆమెకు పెళ్లయింది. ఆ పెళ్లికి కారు మేము ఇవ్వలేదు, వాళ్లు అడగలేదు.

మొన్నటి బోనాలకు ఆమె తన అక్క ఇంటికి వచ్చింది. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగింది, తీసుకురా అని వదిన ఫోన్ చేసింది. మా ఆవిడ బోనం వండే పనిలో ఉంది, నేనొక్కడినే వెళ్లాను. వెనక సీట్లో ఆమె కూతురు, పూల బుట్టలు. ముందు సీట్లో ఆమె, జుట్టు నాకన్నా కొంచెమే తక్కువ నెరిసింది. చేతిలో గుడ్డ సంచి. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అన్నీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు నాకు మాటలు బాగానే వస్తాయి.

శాలిబండ ఎత్తు మీద ముందర డప్పులు, జనం. కారు ఆగింది. ఇప్పటి నా కారుకు క్లచ్చే లేదు, గేర్లు అవే మారతాయి. అయినా నా ఎడమ కాలు తనంతట తాను కింద పరిచిన పట్టాను గట్టిగా తొక్కి పట్టింది. ఆమె నా కాలిని చూసింది, మా మధ్య ఉన్న హ్యాండ్‌బ్రేకును చూసింది. అప్పుడు గమనించాను, ఎక్కినప్పటి నుంచీ ఆమె ఆ సంచిని ఒళ్లోనే రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"బ్రేక్ ఏసుకో బావా," అంది. "సంచి నా కాడనే ఉన్నది."

వేసుకున్నాను. ఏం సంచమ్మా అని వెనక నుంచి వాళ్లమ్మాయి అడిగింది. చెప్పుల సంచి అని చెప్పి, ఆమె డప్పుల వైపు తిరిగింది. నాకు నవ్వొచ్చింది, ఆ మీసాల కుర్రాడి మీద కొంచెం జాలి కూడా వేసింది. కారు కదిలేదాకా నా ఎడమ కాలు మాత్రం పట్టా మీద నుంచి లేవలేదు.